బ్రేకులు పట్టలేదనడం సమాధానం కాదు

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడిపోయి 60 మందికి పైగా మరణించారు. మృతులలో అత్యధికులు కొడిమ్యాల మండలంలోని పల్లెల వారు. ఆనాడు ఆ బస్సులో వందమందికి పైగా ఉన్నారు. బ్రేకులు పట్టలేదన్న మాట ఆ రోజే వినవచ్చింది. ఆ తరువాత ఎక్కడ ప్రమాదం జరిగినా అదే మాట వినిపిస్తున్నది. అయితే బ్రేకులు ఉన్నట్టుండి చెడిపోవడం అరుదు. అవి ముందుగానే హెచ్చరిస్తాయి. వినిపించుకోనిది మనమే.

బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. బరువు రెట్టింపైతే ఆ వేడి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది, బండి ఆగడానికి పట్టే దూరమూ నాలుగింతలే. ఘాట్‌లో పై గేరులో దిగుతూ బ్రేకు మీదనే కాలు ఉంచితే డ్రమ్ములు కాలిపోయి లైనర్లకు పట్టు తప్పుతుంది. అందుకే ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని అనుభవజ్ఞులైన డ్రైవర్లు చెబుతారు. ఇంజను బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకు భారం తగ్గుతుంది.

డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే దురలవాటు కొందరికి ఉన్నది. ఇంజను ఆపి దిగేవారూ లేకపోలేదు. ఇంజను ఆగితే కారులో బ్రేకు పెడలు బిగుసుకుపోతుంది. లారీలు, బస్సులలో బ్రేకుకు కావలసిన గాలి నింపే కంప్రెసరూ ఆగిపోతుంది. గుక్కెడు డీజిలు కోసం ప్రాణాలు పణం పెట్టడం ఏమి పొదుపు?

బ్రేకు ఆయిలు సంగతి చాలామందికి పట్టదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు ఘాట్‌లో వేడికి మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడలు మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్ళకొకసారి ఆయిలు మార్చాలి. మట్టం తగ్గితే పోసి ఊరుకోరాదు, ఎక్కడ కారుతున్నదో, లైనర్లు అరిగాయో చూడాలి. కీచుమని చప్పుడు, ఒక పక్కకు లాగడం, పెడలు లోతుకు పోవడం కనిపిస్తే ఆ రోజే మెకానిక్కు వద్దకు తీసుకుపోవాలి.

మన పల్లెలలో ట్రాక్టర్ల సంగతి వేరే చెప్పాలి. పొలంలో మలుపు తిప్పడానికి ట్రాక్టరుకు ఎడమ, కుడి బ్రేకులు విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్ళను కొక్కెంతో కలిపి బిగించాలి. మరచిపోయి ఒక్కదాన్నే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు తిరిగి బోల్తా పడుతుంది. ట్రాలీలలో అనేకం బ్రేకులు లేనివే. వెనుక నుంచి బరువు నెట్టుకొస్తుంటే ముందున్న ట్రాక్టరు ఏమి ఆపగలదు? అటువంటి ట్రాలీలో పెళ్ళివారిని, కూలీలను, జాతరకు పోయే పిల్లాజెల్లను ఎక్కించడం చట్టరీత్యా నేరమే గాక ఘోరం కూడా.

ప్రమాదవశాత్తు బ్రేకు పట్టకపోతే కంగారు పడరాదు. పెడలును గబగబా పలుమార్లు తొక్కుతూ, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, చేతి బ్రేకును మెల్లమెల్లగా లాగాలి. వీలుంటే లోయ వైపు గాక గట్టు వైపు బండిని తిప్పాలి.

అధికారుల బాధ్యత తక్కువేమీ కాదు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరగాలి. ఆ పరీక్ష కాగితం మీద గాక బండి మీద జరగాలి. హనుమాన్ జయంతికి కొండగట్టుకు జనం పోటెత్తే ముందు రవాణా శాఖ మండల కేంద్రాలలో బ్రేకుల తనిఖీ శిబిరాలు పెట్టాలి. ట్రాక్టర్లను సైతం చూడాలి. జనం ఎక్కువున్న మార్గాలలో ఆర్టీసీ అదనపు బస్సులు నడపాలి. మరొక బస్సు వస్తుందన్న నమ్మకం ఉంటే నిండిన బస్సుకు వేలాడాలని ఎవరూ కోరుకోరు. ఇల్లు కాలిన తరువాత బావి తవ్వడం ఇకనైనా మానుదాం.