శబ్దం వచ్చిన ప్రతిసారీ షాక్ అబ్జార్బర్లేనా?

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. కొందరికి కోపం కూడా రావచ్చు. అయినా చివరిదాకా చదవండి. ఇది మన ఉమ్మడి డబ్బు సంగతి, అంతకంటే ముందు మన పెద్దవాళ్ల ప్రాణాల సంగతి.

మన తాతలను, అమ్మమ్మలను వైద్యానికి మదురై తీసుకెళ్లే సంఘం బండి మీ అందరికీ తెలుసు. రెండు నెలలుగా ముందు చక్రాల దగ్గర టకటకమంటోంది. ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్తే వీధి చివరిదాకా నడిపి చూశారు. కిందికి వంగి చూడలేదు. "ముందు షాకప్సర్లు రెండూ పోయాయి, మార్చాల్సిందే" అని చీటీ రాసిచ్చారు. లెక్క ఇరవై వేలు దాటింది. కమిటీలో సగంమంది సంతకానికి సిద్ధమైపోయారు. "మనకేం తెలుసు, వాళ్లు చెప్పారు కదా" అన్నారు. మా గొడవంతా ఆ మాటతోనే.

ఆదివారం పొద్దున మేం ముగ్గురం చాప పరుచుకుని బండి ముందు కూర్చున్నాం. ఒకరు బండిని పక్కలకు ఊపారు. ఇంకొకరు ముందు చక్రం వెనక చెయ్యిపెట్టి లింకు రాడ్ పట్టుకున్నారు. ఊపిన ప్రతిసారీ టక్కుమన్న దెబ్బ అరచేతికే తగిలింది. రాడ్ చివర రబ్బరు తొడుగు చిరిగిపోయింది, లోపల గ్రీజు లేదు, గుండు వదులైపోయింది. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ పొడిగా, శుభ్రంగా ఉన్నాయి.

కథ ఇక్కడితో అయిపోలేదు. వెనక్కి వెళ్లి చూస్తే ఎడమ పక్క షాక్ అబ్జార్బర్ ఒళ్లంతా నూనె కారి, దాని మీద దుమ్ము ముద్ద కట్టి ఉంది. ఆ పక్క టైరు తడిమితే ఎత్తుపల్లాలుగా అరిగింది. అది ఏ శబ్దమూ చెయ్యలేదు. అందుకే దాన్ని ఎవరూ చూడలేదు. చీటీలో రాసినట్టు చేసి ఉంటే ఇరవై వేలు పోయేవి, టకటక అలాగే ఉండేది, అసలు చచ్చిపోయిన భాగంతోనే పెద్దవాళ్లను ఎక్కించుకుని తిరిగేవాళ్లం.

షాక్ అబ్జార్బర్ అంటే ఏమిటో ఒకసారి మాట్లాడుకుందాం. బండి బరువు మోసేది అది కాదు, స్ప్రింగు. గతుకు తగిలితే స్ప్రింగు నొక్కుకుని, లేచి, మళ్లీ నొక్కుకుంటూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాక్ అబ్జార్బర్ పని. లోపల పిస్టన్ నూనెను చిన్న రంధ్రాల గుండా తోస్తుంది. ఊపులోని శక్తి ఆ నూనెలో వేడిగా మారిపోతుంది. నూనె కారిపోయినా, లోపలి కవాటాలు అరిగినా ఊపు ఆగదు, చక్రం రోడ్డును వదిలి ఎగురుతుంది. చక్రం రోడ్డు మీద లేనప్పుడు బ్రేకు ఎంత తొక్కినా ఏం లాభం? తిరుమంగలం నుంచి మన ఊరి మీదుగా కొల్లం వెళ్లే 744వ జాతీయ రహదారి మీద, అందులోనూ పులియరై ఘాటు మలుపుల్లో, ఆ లాభనష్టాలు తేలేది క్షణంలోనే.

కాబట్టి మా వాదన రెండు ముక్కలు. శబ్దం వచ్చిందంటే షాక్ అబ్జార్బర్ పోయిందని కాదు. శబ్దం రాలేదంటే అది బాగుందనీ కాదు.

చిన్న గతుకుల మీద టకటకమంటే ముందుగా లింకు రాడ్లు, తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు చూడండి. బండి కదలకుండా స్టీరింగు తిప్పితే కిర్రుమంటే, స్ప్రింగు ఉలిక్కిపడినట్టు చప్పుడొస్తే, షాక్ పైన ఉండే మౌంటు, దాని బేరింగు అనుమానించాలి. షాక్ అబ్జార్బర్ అరిగితే గుర్తులు వేరు. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు కిందికి వాలుతుంది, టైరు ఎగుడుదిగుడుగా అరుగుతుంది. ఒక మూల గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలబడాలి. ఊగుతూనే ఉంటే అది పోయినట్టే. నిలబడినంత మాత్రాన బాగున్నట్టు తేలదు, మిగతా గుర్తులూ చూడాలి. పైన సన్నని నూనె తేమ కనిపిస్తే కంగారు పడకండి. తడిసి కారుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి.

మరమ్మతు కూడా మేమే చేశాం. ముందు చక్రాలు రెండూ లేపి, స్టాండ్ల మీద నిలిపి, ముందురోజు రాత్రే నట్లకు నూనె వేసి ఉంచి, గుండు తిరక్కుండా ఎల్ కీతో పట్టుకుని, పానాతో నట్టు విప్పాం. లింకు రాడ్లు రెండు పక్కలా మార్చాం. మన బండికి వెనక స్ప్రింగు వేరు, షాక్ వేరు కాబట్టి, ఇరుసుకు కింద జాకీ ఆసరా ఇచ్చి ఆ జతనూ మార్చాం. ఒకటే పోయినా జతగానే మార్చాలి, లేకపోతే రెండు పక్కలా బండి ఒకేలా నిలవదు. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి బరువు చక్రాల మీదకు దిగాకే చివరిగా బిగించాలి. లేదంటే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. అన్నీ కలిపి ఆ చీటీలో సగం కూడా కాలేదు.

ఒక హద్దు మాత్రం గట్టిగా చెబుతున్నాం. చాలా కార్లలో ముందు పక్క స్ప్రింగు, షాక్ ఒకే ముక్కగా ఉంటాయి. దాన్ని మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. ఆ స్ప్రింగు ఎప్పుడూ నొక్కిపెట్టిన స్థితిలోనే ఉంటుంది. పై నట్టు విప్పితే తూటాలా ఎగిరి మనిషి ముఖం పగలగొడుతుంది. సరైన స్ప్రింగు కంప్రెసర్, అలవాటైన చెయ్యి లేకుండా దాని జోలికి వెళ్లకండి, ఆ పని మెకానిక్‌కే ఇవ్వండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరడం కూడా వీరత్వం కాదు, మూర్ఖత్వం.

"మెకానిక్‌ల పొట్ట కొడతారా?" అని ఒక బావగారు అడిగారు. లేదు బావగారూ. నిజం చెప్పే మెకానిక్‌కి ప్రశ్న అడిగేవాడంటే ఇష్టం. "ఏది వదులైందో చూపించండి" అన్న ఒక్క మాటకు ఇబ్బంది పడేవాడి దగ్గరే మనం జాగ్రత్త పడాలి. పనికి కూలి ఇద్దాం, ఊహకు ఇవ్వొద్దు.

ఇది మిల్లుల ఊరు. 1936లో రాజపాళయం మిల్లు మొదలైనప్పటి నుంచి ఎన్ని ఇళ్లలో ఫిట్టర్లు పుట్టారో లెక్కపెట్టండి. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, నడుస్తున్న యంత్రంలో ఏ బేరింగు అరిగిందో చెప్పిన పెద్దలు మనలో ఉన్నారు. వాళ్లు శబ్దం విని భయపడలేదు, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికారు. వందల ఏళ్లుగా అరవదేశంలో ఉండి తెలుగు నిలుపుకున్నామని ప్రతి సభలో గొప్పగా చెప్పుకుంటాం. మంచిదే. ఆ పెద్దల చేతిపని మాత్రం ఒక్క తరంలో వదిలేశాం. కింద కూర్చుంటే పంచె మాసిపోతుందని భయం.

కమిటీకి మా కోరిక ఒక్కటే. ఇకనుంచి ఏ మరమ్మతు చీటీ వచ్చినా, పాడైన భాగాన్ని కనీసం ఇద్దరు సభ్యులు కళ్లతో చూశాకే సంతకం పెట్టాలి. విప్పిన పాత భాగం సంఘానికి తిరిగి రావాలి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మేం మళ్లీ అక్కడే ఉంటాం. మీ బండి తీసుకురండి. పిల్లల్ని, ముఖ్యంగా బండి నడిపే ఆడపిల్లల్ని, వెంట తీసుకురండి. చాప మేం తెస్తాం.