తూము తాళం ఎవరి చేతిలో?

గొలుసుకట్టు చెరువుల సంగతి మన జిల్లా రైతుకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. పై కట్ట తెగితే కిందివన్నీ ప్రమాదంలో పడతాయి. అందుకే పెద్దలు తూము పని నీరటికి అప్పగించి, ఎప్పుడు ఎత్తాలి, ఎవరిని అడిగి ఎత్తాలి అన్నది ఊరి కట్టుబాటు చేశారు. ఇవాళ మన భూముల లెక్కలు కంప్యూటర్లలోకి చేరాయి. రెవెన్యూ శాఖ లెక్క వ్యవసాయ శాఖకు, అక్కడి నుంచి బ్యాంకుకు పారుతున్నది. ఈ గొలుసుకు కట్టుబాటు ఏది? నీరటి ఎవరు?

ఇది పట్నంలోని ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకుంటే పొరపాటే. ఏ శాఖ లెక్క దేనితో కలవాలి, తప్పు పడితే ఎవరు దిద్దాలి అన్న నిర్ణయం ఎక్కడో జరుగుతుంది. దాని ఫలితం మాత్రం చేర్యాలలోనో, మిరుదొడ్డిలోనో రైతు పాసుపుస్తకం మీద పడుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరులో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. దస్తావేజు పని త్వరగా ముగియసాగింది. సంతోషమే. కాని పహాణీ ఉన్నది రెవెన్యూ శాఖ వద్ద. భూమి కొన్నవాడు కాగితం చేతపట్టుకుని పేరు మార్పిడి కోసం మళ్ళీ తహసీలు ఆఫీసు చుట్టూ తిరగవలసిందే. ఈలోగా పహాణీలో అమ్మినవాడి పేరే ఉండిపోయేది. అదే భూమిని ఇంకొకరికి అంటగట్టే మోసగాళ్ళకు అది చాలదా? కంప్యూటర్ల లోపం కాదిది. రెండు శాఖలను కూర్చోబెట్టి రెండు లెక్కలను కలపండి అని చెప్పగల బాధ్యుడు లేకపోవడం వల్ల వచ్చిన తంటా.

2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి ఆ దూరాన్ని తీసివేసింది. సాగుభూమి రిజిస్ట్రేషన్, పేరు మార్పిడి ఒకేసారి తహసీల్దారు ఎదుటే జరగసాగాయి. ఆ మేలును కాదనడం న్యాయం కాదు. అయితే 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళనలో దొర్లిన తప్పులు కూడా కొత్త చెరువులోకి చేరాయి. విస్తీర్ణం తగ్గినవి, పేరులో అక్షరం మారినవి, పట్టా భూమి అయ్యుండీ నిషేధిత జాబితాకెక్కినవి ఎన్నో. వాటిని దిద్దడానికి మండల స్థాయిలో దారే పెట్టలేదు! అదే ఏడాది వీఆర్వో వ్యవస్థ పోయింది, రెవెన్యూ కోర్టులూ పోయాయి. తప్పు ఫలానా చోట ఉందని తహసీల్దారుకు తెలుసు, రైతుకు తెలుసు. కంప్యూటరు ఒప్పుకోదు. హుస్నాబాద్ వైపు రైతయినా, దౌల్తాబాద్ రైతయినా కలెక్టరేటు దారి పట్టవలసిందే. తరువాత ‘మాడ్యూలు’ పేరుతో ఒక్కొక్క దారి తెరుస్తూ వచ్చారు. ఏ తప్పుకు ఏ మాడ్యూలో చదువుకున్నవాడికే అంతుబట్టలేదు. ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాక గోడలు తొలిచి ద్వారబంధాలు నిలిపినట్లయింది.

అక్షరమే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. 2018 నుంచి రైతుబంధు, ఆ వెనుక రైతుబీమా ఈ రికార్డు మీదనే నడిచాయి. పంటరుణానికి బ్యాంకు చూసేది కూడా దీన్నే. పై చెరువులో పడిన గండి కింది చెరువులన్నిటికీ తగిలింది.

2024 ఫిబ్రవరి నెలాఖరున దిద్దుబాటు అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీవోలకు పంచారు. ఆ ఏడాది చివర పోర్టలు నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్.ఐ.సి.కి మారింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే వీలు తిరిగి కలిగింది. ముందు నాలుగు మండలాల్లో నడిపి చూసి, జూన్‌లో రాష్ట్రమంతటికీ విస్తరించడం మెచ్చదగిన పద్ధతి. ధరణి నాడు కూడా ఇంత ఓపిక పట్టి ఉంటే బాగుండేది.

అయినా అసలు ప్రశ్న అలాగే ఉంది. రేపు సాఫ్ట్‌వేరులో ఒక గడి చేర్చాలన్నా, తీసివేయాలన్నా ఎవరి సంతకం కావాలి? రోజూ దానితో వేగే మండల సిబ్బందిని అడుగుతున్నారా? పెద్ద సంస్థలు ఈ పనికే ఒక మండలిని వేసుకుంటాయి. ప్రతి లెక్కకూ ఒక శాఖను యజమానిగా నిర్ణయిస్తాయి. మండలి ఒప్పుకొని రాతలో పెట్టనిదే ఏ మార్పూ జరగనివ్వవు. కేంద్ర ప్రభుత్వం కూడా 2018లో ‘ఇండ్-ఈఏ’ పేరుతో ఇలాంటి నమూనాను ప్రకటించింది. అది కాగితానికే పరిమితమైతే మనకు ఒరిగేదేమీ లేదు.

భూభారతి చట్టం ప్రకారం ఇకముందు ప్రతి కమతానికీ సర్వే పటం, భూధార్ సంఖ్య రావాలి. అంటే గొలుసుకు మరిన్ని చెరువులు తోడవుతాయి. అవి కలవకముందే ఈ కట్టుబాటు జరగాలి. ఏ తప్పును ఎవరు, ఎన్ని రోజుల్లో దిద్దుతారో ప్రతి తహసీలు ఆఫీసు గోడ మీద తెలుగులో రాయించాలి. సాఫ్ట్‌వేరులో మార్పు చేసినప్పుడల్లా ఆ సంగతి గ్రామపంచాయతీ నోటీసు బోర్డుకు చేరాలి. కంప్యూటరు ఒప్పుకోనందున ఆగిపోయిన దరఖాస్తులను నెలకొకసారి దుద్దెడ కలెక్టరేటులో లెక్కతీసి, ఆ జాబితాను హైదరాబాదుకు పంపాలి. అక్కడ దాన్ని అందుకుని జవాబు చెప్పవలసిన అధికారి హోదా ఏమిటో ప్రభుత్వం ముందుగా ప్రకటించాలి.