కప్పలు చస్తే మనకేమి అంటారా?

"మలేరియా గురించి వ్రాయండి, మధుమేహం గురించి వ్రాయండి, కప్పల సంగతి వైద్యుడికెందుకు?" అని ఈ శీర్షిక చూడగానే మీలో కొందరికి అనిపించి ఉంటుంది. వృత్తిలో ఉన్నంతకాలం నేనూ అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం. నిజానికి నేను వ్రాస్తున్నది మలేరియా గురించే.

మధ్య అమెరికాలో కోస్టారికా, పనామా ఇరుగుపొరుగు దేశాలు. 1980వ దశకం నుంచి 2000వ దశకం దాకా అక్కడి కొండ అడవులలో కప్పలు పడమర నుంచి తూర్పుకు, ఒక అల సాగినట్లుగా, వరుసగా చనిపోతూ పోయాయి. కోస్టారికాలోని మోంటెవెర్డెలో 1987లో వాననీటి గుంటల చుట్టూ వందలకొద్దీ కనిపించిన బంగారు రంగు గోదురుకప్ప 1989 తరువాత ఎవరి కంటా పడలేదు. ఆ అల ఎటు వస్తున్నదో గ్రహించిన కేరెన్ లిప్స్ అనే శాస్త్రజ్ఞురాలు తన బృందంతో పనామాలోని ఎల్ కోపె వద్ద ముందుగానే కాచుకొని ఉన్నారు. 2004లో వారి కళ్లముందే, కొన్ని నెలల వ్యవధిలో, అక్కడి వాగులు మూగబోయాయి.

ఈ మారణకాండకు కారణం ఒక శిలీంధ్రం. 1999లో దానికి బాట్రకోకిట్రియం డెండ్రోబాటిడిస్ అని పేరు పెట్టారు. నోరు తిరగని పేరు గనుక కిట్రిడ్ బూజు అందాం. అది చంపే తీరు వైద్యులకు కొత్తది కాదు. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మంతో పీల్చుకొంటుంది. శ్వాసలో కొంత భాగమూ, లవణాల రాకపోకలూ చర్మం ద్వారానే జరుగుతాయి. బూజు ఆ చర్మపు పైపొరలోని కెరాటిన్‌ను ఆశ్రయించి దాని పనిని చెడగొడుతుంది. రక్తంలో సోడియం, పొటాసియం పడిపోతాయి. చివరకు గుండె ఆగిపోతుంది. అర్ధరాత్రి పొటాసియం రిపోర్టు కోసం ఎదురుచూసిన ఏ వైద్యుడికైనా ఈ మరణం పరిచితమే.

ఇక మలేరియా. 2022లో పరిశోధకులు ఈ రెండు దేశాలలోనూ ఏ ప్రాంతంలో కప్పలు ఏ సంవత్సరం అంతరించాయో, ఆ తరువాత అక్కడ మలేరియా ఎలా ఉన్నదో పక్కపక్కన పెట్టి చూశారు. అల దాటిపోయిన చోట్ల మలేరియా మొత్తం మీద పెరుగుతూ వచ్చింది. ఆ పెరుగుదల కొన్ని సంవత్సరాలు కొనసాగింది. ఉద్ధృతి ఎక్కువగా ఉన్న ఏళ్లలో అది ఏటా వెయ్యి మందికి సుమారు ఒక అదనపు కేసు. ఇది చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. కాని అక్కడ మలేరియా విజృంభించిన సంవత్సరాలలోనే వెయ్యికి ఒకటి, ఒకటిన్నర కేసులు ఉండేవని గుర్తుంచుకొంటే దాని బరువు తెలుస్తుంది.

కాకతాళీయం అంటారా? అడవుల నరికివేత వల్ల కావచ్చు, వానల వల్ల కావచ్చు అంటారా? రోగాన్ని నిర్ధారించేవాడు ఆ సందేహాలు పడాలి. అయితే అల ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క ఏడు చేరింది. మలేరియా కూడా అదే క్రమంలో, దాని వెనుకనే పెరిగింది. వానలు అంత క్రమశిక్షణ పాటించవు. తోకకప్పలూ, దోమ లార్వాలూ ఒకే నీటిలో పెరుగుతాయి. కొన్ని తోకకప్పలు లార్వాలను తింటాయి, మరికొన్ని వాటికి దక్కవలసిన నాచును తినివేస్తాయి. పెద్ద కప్పలు దోమలతో సహా దొరికిన పురుగునల్లా మ్రింగుతాయి. ఆ కావలి పోతే దోమ పెరగడంలో వింత లేదు. ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. కప్పల లెక్క ఉన్నది, రోగుల లెక్క ఉన్నది, మధ్యనున్న దోమల లెక్క దొరకలేదు. కప్పలు చనిపోతున్నప్పుడు అది ఆరోగ్యశాఖల పని అని ఎవరికీ తోచకపోతే ఆ లెక్క ఎవరు వ్రాస్తారు? నా అభియోగం సరిగ్గా ఇక్కడే ఉంది.

ఈ అభియోగం మొదట నా వృత్తి మీదనే. మా తరం వైద్యవిద్యార్థులు కండరం ఎలా ముడుచుకొంటుందో పుస్తకంలో కాదు, మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద, కప్ప పిక్క కండరం గీసిన గీతలలో నేర్చుకున్నారు. నాడి గుండెతో రసాయనం ద్వారా మాట్లాడుతుందని ఆటో లోవీ 1921లో నిరూపించినది రెండు కప్ప గుండెలతోనే. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1930వ దశకం నుంచి కొన్ని దశాబ్దాలపాటు గర్భనిర్ధారణకు దక్షిణాఫ్రికా నుంచి గోళ్ల కప్పలను ప్రపంచమంతటికీ ఎగుమతి చేశారు. స్త్రీ మూత్రాన్ని ఆడకప్పకు ఎక్కిస్తే, గర్భం ఉన్నట్లయితే అది ఒక రోజులోపే గుడ్లు పెట్టేది. కిట్రిడ్ బూజు ఆ కప్పల వెంటనే దేశాలు దాటిందని ఒకప్పుడు అనుమానించారు. 2018లో జన్యుపరిశీలన దాని పుట్టినిల్లు తూర్పు ఆసియా అని సూచించింది. అంతమాత్రాన మేము చేతులు కడుగుకోలేము. బూజు ఎక్కడ పుట్టినా, దానికి సముద్రాలు దాటడానికి వాహనమైనది బ్రతికున్న ఉభయచరాల వ్యాపారమే. అవి ప్రయోగశాలలకు వెళ్లాయి, పెంపుడు జంతువుల దుకాణాలకు వెళ్లాయి, వంటిళ్లకు వెళ్లాయి.

వంటింటి పాపంలో మన వాటా తక్కువేమీ కాదు. 1980వ దశకం తొలి సంవత్సరాలలో భారతదేశం ఏటా వేల టన్నుల కప్పకాళ్లను విదేశాలకు అమ్మింది. పొలాలలో పురుగులను తిని బ్రతికే కప్పను డాలర్లకు అమ్మి, అవే పురుగులను చంపడానికి మందులు కొన్నాము. ఇంతకన్న గొప్ప కప్పల తక్కెడ మరొకటి ఉంటుందా? 1987లో ఎగుమతిని నిషేధించడం మన ప్రభుత్వాలు చేసిన మంచి పనులలో ఒకటి. వానలు కురవకపోతే వేపమండల నడుమ కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించి కప్పతల్లి ఆట ఆడిన పల్లెల దేశం అంతవరకు ఆగవలసిన అవసరం లేదు.

పోయినవాటితో వైద్యం ఏమి పోగొట్టుకొన్నదో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆస్ట్రేలియాలో ఒక కప్ప తన గుడ్లను మ్రింగి, పిల్లలను కడుపులోనే, అంటే సాక్షాత్తు జీర్ణాశయంలోనే, పెంచి నోటి గుండా కనేది. ఆ కాలమంతా ఆమ్లస్రావం ఆగిపోయేది. పిల్లలు విడుదల చేసే ప్రోస్టాగ్లాండిన్ దానికి కారణమని పరిశోధకులు కనుగొంటూ ఉండగానే కప్ప మాయమైంది. అడవిలో 1981 తరువాత కనిపించలేదు, బంధనంలోని చివరిది 1983లో చనిపోయింది. కడుపుపుండుతో మెలికలు తిరిగే రోగులను చూసిన నాకు ఆ వార్త ప్రకృతి ప్రేమికుల దుఃఖంగా మాత్రమే కనిపించదు. తెరవకుండానే తగులబడిన పాఠ్యపుస్తకంలా కనిపిస్తుంది.

2023లో వెలువడిన ప్రపంచవ్యాప్త అంచనా ప్రకారం ఉభయచర జాతులలో సుమారు 41 శాతానికి అంతరించే ముప్పు ఉంది. క్షీరదాలలో అది సుమారు 27 శాతం, పక్షులలో 13 శాతం. కిట్రిడ్ వల్ల 501 జాతులు క్షీణించాయనీ, వాటిలో 90 అంతరించి ఉండవచ్చుననీ 2019లో ఒక అధ్యయనం చెప్పింది. ఆ సంఖ్యల మీద తరువాత వాదోపవాదాలు జరిగాయి. వాదం సంఖ్య మీదనే, విపత్తు మీద కాదు.

మరి మీరేమి చేయాలి? కప్పలను పట్టి వీధిలో వదలమని నేను అనను. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది మీ ఇంటి కూలర్లలో, డ్రమ్ములలో, కొబ్బరిచిప్పలలో. అక్కడ ఏ కప్పా కాపలా ఉండదు. ముందు వాటిని వారానికొకసారి ఖాళీ చేయండి. కాలనీ పక్క కుంటలో మందు చల్లించాలని, లేదా దానిని మట్టితో పూడ్పించాలని ఎవరైనా అర్జీ తెచ్చి సంతకం అడిగితే, వెంటనే కలం తీయకండి. మొదటి వానలు పడిన రెండు వారాలకు ఒక ఉదయం ఆ గట్టు మీద వంగి చూడండి. నీటిలో తోకకప్పలు కదులుతూ కనిపిస్తే అర్జీ తెచ్చినవారిని కూడా అక్కడికి పిలిచి చూపించండి.