బేసులు పెద్దవైతే పందెం గెలుస్తామా?

2023 మార్చి నెలాఖరులో బేస్‌బాల్ సీజను మొదలైన వారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర మేం ఒక లెక్క వేశాం. న్యూజెర్సీలో ఒక గోదాము ఆఫీసులో ఇన్వాయిస్‌లు, డెలివరీ చలాన్లు చూసుకునే గుమస్తాలం నలుగురం. ఆ ఏడాది మేజర్ లీగ్ వాళ్ళు ఆట నిబంధనలు మార్చారు. బేసులు పెద్దవి చేశారు, ఫీల్డర్లను ఒకే పక్క గుంపుగా నిలబెట్టడానికి వీల్లేదన్నారు, పిచర్‌కి గడియారం పెట్టారు. ఇవన్నీ కలిస్తే రన్లు పెరగాలి కదా, పెరిగితే 'ఓవర్' కాసినవాడు గెలవాలి కదా అని పాత చలాను వెనకాల పెన్నుతో రాసి మావాడొకడికి చూపించాం. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ నాలుగు మాటలూ ఆ కాగితం గురించే.

తెలియనివాళ్ళ కోసం ముందు ఓవర్ సంగతి చెప్పాలి. ఎవరు గెలుస్తారన్నదాంతో దీనికి పని లేదు. రెండు జట్లూ కలిపి ఎన్ని రన్లు చేస్తాయన్నదే పందెం. కంపెనీవాడు ఒక గీత గీస్తాడు, ఉదాహరణకి ఎనిమిదిన్నర. తొమ్మిదీ ఆపైన వస్తే ఓవర్ కాసినవాడిది, ఎనిమిదీ అంతకన్నా తక్కువైతే అండర్ కాసినవాడిది. ఆ 'అర' ఎందుకంటే సమానం అయిందని డబ్బు వెనక్కివ్వాల్సిన పని లేకుండా. మామూలుగా వంద డాలర్లు గెలవాలంటే నూట పది కాయాలి. ఈ పది డాలర్ల దగ్గరికి మళ్ళీ వస్తాం.

మేం రాసిన లెక్కలో తప్పేమీ లేదు, అదే విచిత్రం. బేసు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగింది. దాంతో ఒకటో బేసుకీ రెండో బేసుకీ మధ్య దూరం నాలుగున్నర అంగుళాలు తగ్గింది. రన్నర్‌ని బెదిరించడానికి పిచర్ రెండుసార్లు మించి ఆగితే, మూడోసారి అతన్ని అవుట్ చేసి తీరాలి, లేదా ఒక బేసు ఊరికే ఇచ్చేయాలి. ఇక దొంగతనాలకు కొదవేముంది? 2022లో లీగ్ మొత్తం మీద 2,486 బేసులు దొంగిలిస్తే 2023లో 3,503 దొంగిలించారు. ఇన్‌ఫీల్డర్లు రెండో బేసుకు అటిద్దరూ ఇటిద్దరూ, అదీ ఇన్‌ఫీల్డ్ హద్దు దాటకుండా నిలబడాలనేసరికి ఎడమచేతి బ్యాటర్ల దెబ్బలు మళ్ళీ సందుల్లోంచి పోవడం మొదలైంది. ఒక్కో జట్టు ఒక్కో ఆటలో చేసిన రన్ల సగటు 4.28 నుంచి 4.62కి పెరిగింది. రెండు జట్లకీ కలిపి చూస్తే ఎనిమిదిన్నర చిల్లర కాస్తా తొమ్మిదింపావు దగ్గరికి వచ్చింది.

గడియారం వల్ల రన్లు పెరిగాయో తగ్గాయో చెప్పలేం గానీ మాలాంటివాళ్ళకు మేలు మాత్రం జరిగింది. తెల్లారి ఏడింటికి డ్యూటీ ఉన్నవాడికి ఆట మూడు గంటల నుంచి రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గడం చిన్న విషయం కాదు. ఆ ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో ఒక సన్నాహక మ్యాచ్‌లో స్కోరు 6-6, చివరి ఇన్నింగ్స్, బేసులన్నీ నిండి ఉన్నాయి. బ్రేవ్స్ బ్యాటర్ టైముకి సిద్ధం కాలేదని అంపైర్ స్ట్రైక్ ఇచ్చి ఆట ముగించేశాడు. అది చూసి రెండు రోజులు నవ్వుకున్నాం.

రన్లు పెరిగాయి. మావాడు మాత్రం ఓడిపోయాడు.

మొదటి రెండు వారాలు గెలిచాడు. "అన్నా, లెక్క మీదే కదా" అంటూ మాకు బిర్యానీ తెప్పించాడు. మేం తిన్నాం. మే నెలలో మా ఎనిమిది మంది చిట్టీ పాడుకున్నాడు. నెలకు మూడు వందలు చొప్పున రెండు వేల నాలుగు వందలు చేతికి వచ్చాయి. జులై వచ్చేసరికి అవీ లేవు, బ్యాంకులో ఉన్నవీ లేవు. చిట్టీ కంతు మాత్రం ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు, ఆ మాట చెప్పాలి. ఆగింది ఇంటికి పంపే డబ్బు. ఊళ్ళోంచి వాళ్ళమ్మ మాకు ఫోన్ చేసి, "బాబూ, మావాడు రెండు నెలలుగా ఏమీ పంపలేదు, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. ఓవర్‌టైము లేదమ్మా, అంతే అని చెప్పాం. ఆ అబద్ధం ఆడింది మేమే.

లెక్క సరిగ్గా ఉండి పందెం ఎలా పోయిందో మాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. మొదటి సంగతి, ఆ నిబంధనలు మేమొక్కళ్ళమే చదవలేదు. గీత గీసేవాడు మాకన్నా ముందే చదివాడు. ఇవేవీ రాత్రికి రాత్రి వచ్చిపడ్డ నిబంధనలు కావు. అంతకుముందే చిన్న లీగుల్లో వాటిని ఆడించి చూశారు, అంకెలన్నీ బయటే ఉన్నాయి. రన్లు పెరిగేట్టుంటే ఎనిమిది గీత ఎనిమిదిన్నర అవుతుంది, ఎనిమిదిన్నర తొమ్మిదవుతుంది. ఉల్లిపాయల ధర పెరుగుతుందని ఊరందరికీ తెలిశాక కొట్టువాడు పాత ధరకే అమ్ముతాడా?

రెండోది సగటు చేసే మోసం. మా ఆఫీసులో పది మందిమి ఉన్నాం. మేనేజరు జీతం కలిపి సగటు తీస్తే, మాలో తొమ్మిది మందికి ఎవరికీ ఆ సగటు జీతం రాదు. బేస్‌బాల్ సగటు కూడా అలాంటిదే. ఎప్పుడో ఒకరోజు 15-6 అని స్కోరు వస్తుంది, ఆ ఇరవై ఒక్క రన్లు సగటును పైకి లాగుతాయి. పందెంలో మాత్రం అది ఒక్క గెలుపే. ఇరవై ఒకటి వచ్చినా తొమ్మిది వచ్చినా ఇచ్చేది అదే వంద డాలర్లు. సగటు తొమ్మిదింపావు అని చూసి ఎనిమిదిన్నర మీద కాస్తే ఇక తిరుగులేదనుకోవడం మా అమాయకత్వం.

ఇక ఆ పది డాలర్లు. వంద పందేల్లో యాభై గెలిచి యాభై ఓడితే సరికి సరి అనుకుంటాం. గెలిచింది అయిదు వేలు, ఓడింది అయిదు వేల అయిదు వందలు. యాభై రెండు గెలిచినా ఇంకా ఎనభై డాలర్లు చేతినుంచే పడతాయి. యాభై మూడు గెలిస్తే గానీ గట్టెక్కం. రోజూ ఇన్వాయిస్‌లు కూడే చేతులివి. ఈ కూడిక మాత్రం ముందు చేయలేదు.

ఇంతకన్నా ముఖ్యమైనది 2024లో తెలిసింది. నిబంధనలు అవే, బేసులు అవే. దొంగతనాలు ఇంకా పెరిగి 3,617 అయ్యాయి. రన్ల సగటు మాత్రం 4.39కి దిగింది. బ్యాటింగ్ సగటు 2023లో 0.248కి లేచింది కాస్తా తిరిగి 2022లో ఉన్న 0.243 దగ్గరికే వచ్చేసింది. మరి 2023లో రన్లు పెంచింది ఏమిటి? ఆ ఏడాది హోమ్ రన్లు 5,215 నుంచి 5,868కి పెరిగాయి. బంతి కంచె దాటి పోతుంటే బేసు ఎంత వెడల్పుంటే ఏం, ఫీల్డరు ఎటు నిలబడితే ఏం? 2024లో హోమ్ రన్లు 5,453కి తగ్గాయి, రన్లూ వాటి వెంటే తగ్గాయి. దొంగిలించిన బేసు ఒక్కోదాని విలువ ఒక రన్‌లో అయిదో వంతు ఉంటుందని లెక్కలు కట్టేవాళ్ళు చెబుతారు. అదనంగా వచ్చిన వెయ్యి బేసులను 2,430 ఆటలకు పంచితే ఒక్కో ఆటకు పదో వంతు రన్ కూడా రాదు. టీవీలో చూస్తే ఎంతో సందడి. గీత దగ్గర మాత్రం దాని ప్రభావం అంతంతే.

అలాగని నిబంధనలకు బలం లేదనడం లేదు. 1968లో పిచర్ల ధాటికి జట్టుకు ఆటకు 3.42 రన్లే వచ్చాయి. బాబ్ గిబ్సన్ సగటు 1.12, ఆ అంకె ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది పిచర్ నిలబడే దిబ్బ ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి తగ్గించి, స్ట్రైక్ జోన్‌ను కుదించారు. రన్లు 4.07కి చేరాయి. 1973లో అమెరికన్ లీగ్ పిచర్ బదులు బ్యాటింగుకే ఒక ఆటగాణ్ణి పెట్టుకోవచ్చంది. అక్కడ 3.47 నుంచి 4.28కి ఎగబాకింది. మన ఐపీఎల్‌లో 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చాక ఏమైందో చూశాం కదా. పదకొండేళ్ళుగా నిలిచిన 263 పరుగుల రికార్డును 2024లో హైదరాబాద్ జట్టు ఉప్పల్‌లో 277తో దాటేసి, మూడు వారాలు తిరక్కుండా బెంగళూరులో 287 కొట్టింది. దిబ్బ తగ్గించడం, బ్యాటర్ని అదనంగా ఇవ్వడం వేరు, బేసుకు మూడు అంగుళాలు కలపడం వేరు. ఈ తేడా మేం చూడలేదు.

గీతకు నిజంగా చిక్కు తెచ్చిన నిబంధన ఇంకోటుంది. తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సమానమైతే పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేసు మీద ఒక రన్నర్‌ని ఊరికే నిలబెడతారు. కోవిడ్ ఏడాది 2020లో తెచ్చి, 2023లో మామూలు సీజనుకు శాశ్వతం చేశారు. ఖాళీ బేసులతో మొదలయ్యే ఇన్నింగ్స్‌లో సగటున అర రన్ వస్తే, రెండో బేసు మీద మనిషితో మొదలైతే ఒకటికి పైనే వస్తుంది. గీత ఎనిమిదిన్నర, తొమ్మిది ఇన్నింగ్స్‌లకు స్కోరు 3-3 అనుకోండి. అండర్ కాసినవాడు రాత్రంతా గెలుస్తూనే వచ్చాడు. పదో ఇన్నింగ్స్‌లో వాళ్ళొకటి వీళ్ళొకటి చేస్తే 4-4. ఇక ఎవరు గెలిచినా తొమ్మిదవుతుంది, అతని డబ్బు పోయినట్టే. 2023 వేసవిలో విసిగిపోయి ఓవర్ మానేసి అండర్‌కి మారిన మావాడికి జరిగింది ఇదే, ఒకే వారంలో రెండుసార్లు. ఈ ఉచిత రన్నర్ పోస్ట్‌సీజన్ ఆటల్లో ఉండడు. అందుకే 2025 వరల్డ్ సిరీస్ మూడో ఆటలో డాడ్జర్స్, బ్లూ జేస్ ఏడో ఇన్నింగ్స్‌లో 5-5 అయ్యాక, పద్దెనిమిదో ఇన్నింగ్స్ దాకా ఒక్క రన్ లేకుండా ఆడాయి. మర్నాడు ఆఫీసులో ఎర్ర కళ్ళతో కూర్చున్నాం గానీ, అలాంటి ఆట చూసినందుకు బాధ లేదు.

మాకు కోపం వచ్చేది ఇంకో విషయంలో. నిబంధన మారిస్తే నెలల ముందు చెబుతారు, బంతి మారితే ఎవరు చెబుతారు? 2019లో 6,776 హోమ్ రన్లు వచ్చాయి. బంతికి గాలి అడ్డు తగ్గడం ఒక కారణమని సీజను అయిపోయాక డిసెంబరులో శాస్త్రవేత్తల కమిటీ తేల్చింది. బంతులను తేమలో ఉంచే పెట్టెలను 2022లో మొత్తం 30 స్టేడియాల్లోనూ పెట్టారు. గీతను కదిపేవి ఇవి. 2018 నవంబరు నుంచి లీగే పందెం కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంటోంది. పందెం సొమ్ములో వాటా పుచ్చుకునేటప్పుడు, బంతి కుట్టు ఎంత ఎత్తుందో, తేమ ఎంత పెట్టారో కూడా నిబంధనల్లాగే సీజనుకు ముందే ప్రకటించాలని మా అభిప్రాయం. బంతి బంతికీ పందెం పెట్టించిన ఫలితం 2025 నవంబరులో చూశాం. ముందే అనుకున్న ప్రకారం బంతులు వేశారని ఇద్దరు క్లీవ్‌లాండ్ పిచర్ల మీద బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో అభియోగాలు వచ్చాయి. వాళ్ళు కాదన్నారు. ఆ తర్వాతే ఒక్క బంతి మీద కాసే పందేనికి 200 డాలర్ల హద్దు పెట్టారు.

తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. అక్కడ దొంగచాటుగా ఆడాల్సినదానికి ఇక్కడ 2018 మేలో సుప్రీం కోర్టు తలుపు తీసింది, జూన్‌లో న్యూజెర్సీ మొదలుపెట్టింది. ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య ప్రకటనలు వస్తాయి. చట్టబద్ధం కాబట్టి మనవాళ్ళకు భయం ఉండదు, చెప్పుకోవడానికి సిగ్గు మాత్రం ఉంటుంది. ఆ సిగ్గు వల్లే మావాడు నాలుగు నెలలు మాకు చెప్పలేదు. ఇలాంటివాళ్ళు మీ గదిలో ఉంటే అరవకండి. న్యూజెర్సీలో తన పేరు తానే నిషేధపు జాబితాలో రాయించుకోవచ్చు, ఏడాదికైనా, అయిదేళ్ళకైనా. ఆ గడువులో ఆన్‌లైన్‌లో ఏ కంపెనీ అతని దగ్గర పందెం తీసుకోకూడదు. మావాడు 2024 ఫిబ్రవరిలో అయిదేళ్ళకు రాయించుకున్నాడు. ఫారం నింపేటప్పుడు మాలో ఒకరు పక్కనే కూర్చున్నారు.

2026 సీజను నుంచి ఇంకో మార్పు. అంపైర్ ఇచ్చిన బాల్, స్ట్రైక్ తీర్పును బ్యాటర్, పిచర్, క్యాచర్ ఎవరైనా సవాలు చేయవచ్చు, కెమెరాలు తేలుస్తాయి. జట్టుకు రెండు సవాళ్ళు, గెలిచిన సవాలు లెక్కలోకి రాదు. జోన్ పై అంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం దగ్గర, కింది అంచు 27 శాతం దగ్గర. భోజనాల దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు చలాను తిరగేసి పెన్ను తీశాడు. "అన్నా, జోన్ మారితే వాక్‌లు మారతాయి, వాక్‌లు మారితే రన్లు..." అన్నాడు. మావాడు అతని చేతిలోంచి ఆ కాగితం తీసుకుని, చించకుండా, దాని మీద తన పచ్చడి డబ్బా పెట్టుకుని భోంచేశాడు.