ఆకు చెప్పిన మాట

మా డాబా మీద పెద్ద కుండీలో ఒక మామిడి మొక్క ఉంది. చూసేవాళ్ళకి అది మొక్కే గాని, నాకు మాత్రం పుట్టింటి ఆనవాలు. మా నాన్నగారు నాటిన కొత్తపల్లి కొబ్బరి చెట్టు కాయలతోనే ఏటా మా ఇంట ఆవకాయ పెట్టేవాళ్ళం. ఇల్లు పడగొట్టి కట్టుకునేటప్పుడు ఆ చెట్టు కొట్టక తప్పలేదు. ముందుగానే మా తమ్ముడు దాని పుల్లలు కోయించి, కడియం తీసుకెళ్ళి అంట్లు కట్టించాడు. రెండు బతికాయి. వాడి పెరట్లోది వరదకి పోయింది. ఇక మిగిలింది నా కుండీలోదే.

అలాంటి మొక్కకి మాఘమాసంలో ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగి, మాడిపోవడం మొదలుపెట్టాయి. నా ఆదుర్దా చూసి తలా ఒక వైద్యం చెప్పారు. పక్కింటి పిన్నిగారు, “నీళ్ళు చాలటం లేదే అమ్మాయ్, రెండు పూటలా పొయ్యి” అన్నారు. మావారు ఎరువు వెయ్యమన్నారు. మా అత్తగారు దిష్టి అని తేల్చేశారు. నేను ముగ్గురి మాటా విన్నాను. మాడు ఇంకొంచెం లోపలికి పాకింది!

చివరికి నాలుగు ఆకులు సంచీలో వేసుకుని కడియపులంక వెళ్ళాను. అక్కడ ఒక నర్సరీలో పెద్దాయన ఆకుల్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

“పాతాకులా అమ్మగారూ, కొత్తాకులా?”

“పాతవే.”

“కొసనుంచి అంచు వెంట మాడింది. మధ్యలో మచ్చల్లేవు. ఏం నీళ్ళు పోస్తున్నారండీ?”

నేను కాస్త గర్వంగానే చెప్పాను. మా ట్యాంకుకి ఎక్కేవి బోరు నీళ్ళు కనుక తాగడానికి ఆర్వో ఫిల్టరు పెట్టుకున్నాం. మంచినీళ్ళు ఒక లీటరు దిగితే రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి. అవి పారబొయ్యడం మనసొప్పక, బకెట్లో పట్టి మొక్కకి పోస్తున్నాను.

ఆయన నవ్వాడు. “మీరు తాగకూడదని తీసేసిన ఉప్పంతా దానికి తాగిస్తున్నారన్నమాట!”

నా పొదుపే నా మొక్కకి విషమైంది! వేరు పీల్చిన నీరు ఆకులోంచి ఆవిరై పోతుంది. దానితో వచ్చిన ఉప్పు మాత్రం ఆకు కొసల్లో, అంచుల్లో ఉండిపోతుంది. ఎక్కువకాలం తాగిన పాతాకులే ముందు మాడతాయి. పైపెచ్చు నేను వేసిన ఎరువూ ఒక రకం ఉప్పే. కొబ్బరిచెట్టు ఉప్పునేలను ఓర్చుకుంటుంది గాని, మామిడికి ఆ ఓర్పు లేదు.

ఇంటికొచ్చి చూస్తే మట్టిమీద తెల్లని పొర. కుండీ అడుగు చిల్లు వేళ్ళతో మూసుకుపోయి ఉంది. చిల్లు పొడిచి, కుండీని ఇటుకల మీద ఎత్తి, పొద్దున్న వచ్చే గోదావరి కుళాయి నీళ్ళు నెమ్మదిగా పోశాను. కుండీకి మూడింతల నీళ్ళు కిందికి దిగిపోవాలి. నాది 30 లీటర్ల కుండీ. 15 లీటర్ల బకెట్లు ఆరు పోశాను. ఎరువు మానేశాను. ఆ తరువాత వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్ళు.

ఆకు మాడితే అన్నిటికీ ఇదే కారణం అనుకోకండి సుమా! లేతాకుల మీద నల్లటి మచ్చలు వచ్చి చిల్లులు పడితే అది మచ్చతెగులు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి చల్లాలి. కొమ్మ చివరినుంచి కిందికి ఎండుతూ వస్తే, పచ్చిగా ఉన్నచోటికి కోసి బోర్డో ముద్ద పూయాలి. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు పసుపెక్కి వేలాడితే వేరు కుళ్ళుతోందన్నమాట.

సముద్రానికి దగ్గర ఊళ్ళవారికి ఇంకొక మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా పొలాలకు కాలువల తీపినీరు అందింది. వేసవిలో ఆ కాలువలు కట్టేస్తే మళ్ళీ బోరే గతి. అక్కడ చాలా బోర్లు ఉప్పన. ఆ నాళ్ళలో కుండీ మొక్కకి మంచినీళ్ళు రెండు చెంబులు దాచండి. వానాకాలంలో చూరునీళ్ళు పట్టుకుంటే మరీ మంచిది.

మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. నయమైందో లేదో చిగురే చెప్పాలి. ఉగాది వెళ్ళిన వారానికి కొమ్మ కొసన రాగిరంగు చిగుళ్ళు నాలుగు వేశాయి. ఆ రంగు చూసి మళ్ళీ జబ్బేమోనని పిన్నిగారు కంగారు పడ్డారు. మామిడి చిగురు రంగే అది.

“దిష్టి పోయింది” అన్నారు అత్తగారు. నేను మాట్లాడలేదు. ఫిల్టరు నీళ్ళ బకెట్టు మాత్రం ఇప్పుడు గచ్చు కడగడానికి వాడుతున్నాను.