జీపు దిగబడితే లాగేదెవరు?

పాత సినిమాల్లో జీపుకు రెండే వేషాలుండేవి. ఒకటి, విలన్‌గారి అనుచరులు బిలబిలమంటూ దిగటానికి. రెండోది, కొట్టవలసిన దెబ్బలన్నీ హీరోగారు కొట్టేశాక, ఆఖరి రీల్లో పోలీసులు దిగటానికి. అడవి సినిమా ఐతే మూడో వేషం కూడా దక్కేది, ఫారెస్టు ఆఫీసరుగారిది. వేషం ఏదైనా జీపు చేసే పని ఒకటే. వాగు కనబడితే చాలు, నీళ్ళు రెండు పక్కలా రెక్కల్లా లేస్తుంటే ఆగకుండా దూసుకుపోవటం! హాల్లో ఈలలు!

ఐతే మిత్రులారా, ఆ జీపు వాగు మధ్యలో దిగబడిపోయిన షాటు ఎన్నిసార్లు చూశారు? దాన్ని బురదలోంచి లాగిన మనిషి పేరు టైటిల్సులో ఎప్పుడైనా చదివారా? షూటింగులో జీపు దిగబడదని కాదు. ఆ ముక్క ఎడిటింగ్ టేబుల్ దగ్గరే రాలిపోతుంది. అలా రాలిపోయే ముక్కను ఈమధ్య ఒక ఆదివారం కుసుమంచిలో కళ్ళారా చూశాను. చూడటమేమిటి, మోకాళ్ళ దాకా అనుభవించాను.

కుసుమంచి సూర్యాపేట - ఖమ్మం రోడ్డు మీద వుంది. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం, అందులో పెద్ద శివలింగం, పక్కనే పాలేరు జలాశయం. ఆ గుడి అరుగు ముందు ఉదయం ఆరున్నరకి ఏడు బండ్లు వరసగా ఆగి వున్నాయి. మూడు థార్లు, రెండు జిప్సీలు, ఒక జిమ్నీ, వీటన్నిటి చివర రంగు వెలిసిన ముసలి మహీంద్రా జీపు. దాని యజమాని ఖమ్మంలో ముప్ఫై ఏళ్ళుగా జీపులు బాగుచేస్తున్న మెకానిక్. అందరూ "మేస్త్రీ" అంటారు, నేనూ అదే అంటాను. మిగతావాళ్ళలో ఎరువుల కొట్టు ఆయన ఒకరు, పళ్ళ డాక్టరమ్మ ఒకరు, బ్యాంకు ఉద్యోగి, ఇద్దరన్నదమ్ములు, ఇంకా ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు. కుర్రాడి థారు కొత్తది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. వాళ్ళ నాన్న తియ్యనివ్వలేదట!

నాలుగు చక్రాల బండ్లవాళ్ళంతా కలిసి క్లబ్బులా తిరుగుతున్నారు గాని, క్లబ్బుకు పేరు లేదు. పేరు పెట్టడానికి రెండుసార్లు మీటింగు పెట్టుకున్నారు. రెండుసార్లూ మిర్చిబజ్జీలు అయిపోయాయి, పేరు మాత్రం తేలలేదు. పేరు లేకపోయినా రూలు వుంది. ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు. నీ వెనక వచ్చే బండి అద్దంలో కనబడకపోతే నువ్వు ఆగాలి. అతను కనబడేదాకా కదలకూడదు. అతని కోసం నువ్వాగితే, నీ కోసం ముందువాడు ఆగుతాడు. అలా చివరి బండి దిగబడితే మొదటి బండి దానంతటదే ఆగిపోతుంది. ఫోను సిగ్నలు లేనిచోట ఇంతకంటే మంచి వైర్‌లెస్ ఏముంది చెప్పండి?

గుడి దగ్గర్నించి ఒక రైతుగారి చేలోకి వెళ్ళాం. ఆయన అనుమతి ముందే తీసుకున్నారు. పంట తీసేసిన నల్లరేగడి. పైకి ఎండి పగుళ్ళిచ్చినట్టు కనబడుతుంది, కాలు పెడితే లోపల హల్వా. ఇక్కడే మేస్త్రీ క్లాసు పీకారు.

జీపులో మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు వుంటుంది. అసలు కథ దానిది. అది వెయ్యకపోతే జీపు కూడా మామూలు కారే. ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. రాడ్డు వేస్తే ముందు చక్రాలకూ పంచుతుంది. ఇంకా కిందకి దించితే లో గేరు. కొత్త థార్లో అక్కడ బలం సుమారు రెండున్నర ఇంతలు పెరుగుతుంది, వేగం అంత వంతూ తగ్గుతుంది. బండి మనిషి నడకలా నడుస్తుంది. సినిమా హీరో దూకించేది వేగంతో, ఇక్కడ గట్టెక్కేది నెమ్మదితో.

"మరి ఎప్పుడూ ఫోర్ వీల్లోనే వుంచుకుంటే పోలా?" అనడిగాను, నా తెలివి చూపించుకోవటానికి.

మేస్త్రీ నన్ను జాలిగా చూశారు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలకంటే కాస్త ఎక్కువ దూరం తిరగాలట. మట్టిలో ఐతే చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారురోడ్డు మీద జారదు. ఆ బిగువంతా లోపలి పళ్ళ చక్రాల మీద పడుతుంది. "తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసినోళ్ళ పుణ్యాన్నే నా షెడ్డు నడుస్తుంది సార్" అన్నారాయన.

ఇంకో భ్రమ కూడా పోగొట్టారు. నాలుగు చక్రాలకూ బలం వున్నంత మాత్రాన నాలుగూ పట్టు పట్టవు. గోతిలో బండి వాలి ఒక చక్రం గాల్లోకి లేచిందనుకోండి, దానికి అడ్డేముంది? గిరగిరా అదే తిరుగుతుంది, నేలమీదున్న జత చక్రం బొమ్మలా నిలబడుతుంది. మన ఆఫీసుల్లో కూడా ఇలాంటి చక్రాలు వుంటాయి లెండి, ఆ గొడవ ఇప్పుడెందుకు!

నేనెక్కింది ఎరువుల కొట్టు ఆయన జిప్సీ. మాటల్లో పడి ఆయన టైర్లలో గాలి తగ్గించటం మరిచిపోయారు. రోడ్డు మీద ముప్ఫై పౌండ్లున్న టైరును బురదలో ఇరవైకో, ఇంకాస్త కిందకో దించితే, టైరు అరిటాకులా పరుచుకుని నేలను పట్టుకుంటుంది. దించకపోతే కత్తిలా దిగుతుంది. దిగింది! పదడుగులు వెళ్ళామో లేదో నాలుగు చక్రాలూ రంధ్రాలు తవ్వుకుని కూచున్నాయి. ఆయన యాక్సిలేటరు తొక్కుతున్నకొద్దీ మేం భూదేవికి దగ్గరవుతున్నాం. "తొక్కకు, తొక్కకు!" అని గట్టు మీంచి డాక్టరమ్మ కేక.

దిగాను. ఎడమకాలి చెప్పు బురదలో వుండిపోయింది, కాలు మాత్రం బయటికి వచ్చింది.

ఆ తర్వాత పావుగంట పని జరిగిన తీరు చూడాలి. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఒకరు పారతో చక్రాల ముందు మట్టి లాగారు. ఒకరు కొమ్మలూ రాళ్ళూ వేశారు. కుర్రాడు తన థారును గట్టి నేల మీద నిలిపి లాగుడు పట్టీ తెచ్చాడు. పట్టీ మధ్యలో మేస్త్రీ ఒక తడి గోనెసంచి వేశారు. ఎందుకంటే, తెగిందంటే తాడు కొరడాలా ఎగిరి మనిషిని కొడుతుందట. గోనె బరువు దాన్ని కిందకు లాగేస్తుంది. అందర్నీ తాడుకు రెండింతల దూరం జరిపాకే లాగమన్నారు. ఒక్క కుదుపు, జిప్సీ బయటపడింది. కొత్త థారు సీటు కవరుకు అప్పటికి బురద అంటింది. కుర్రాడి మొహం వెలిగిపోయింది!

టీ దగ్గర ముసలి జీపు చరిత్ర మొదలైంది. ఈ జీపు వంశం రెండో ప్రపంచ యుద్ధం నాటిది. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. మన దేశంలో ఆ జీపులు బిగించిన కంపెనీ 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో పుట్టింది. ఆ మొహమ్మద్ ఎవరంటే గులాం మొహమ్మద్, నిజాం సంస్థానంలో ఆర్థిక వ్యవహారాలు చూసినాయన. దేశ విభజన జరిగాక ఆయన పాకిస్తాన్ వెళ్ళి, 1951లో అక్కడ గవర్నర్ జనరలయ్యారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మొదటి అక్షరాలు రెండూ ఒకటే కాబట్టి పొట్టిపేరు మార్చే పని తప్పింది. సినిమా కథకు ఏం తక్కువ? ఎవరైనా నిర్మాత చదువుతుంటే కథాహక్కులు నావి కావు, ధైర్యంగా తీసుకోవచ్చు.

ఇక అసలు గొడవ. వచ్చే టూరు ఎక్కడికి?

కుసుమంచినుంచి భద్రాచలం దారి అందరికీ తెలిసిందే. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, ఆపైన గోదావరి. ఈ పక్కనే వున్న నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వెళ్ళి రామదాసయింది కూడా ఇటువైపే. 2006లో వచ్చిన 'శ్రీరామదాసు' చూసినవాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. భద్రాచలం దాటితే చింతూరు, అక్కణ్ణించి ఘాట్ రోడ్డు మీద మారేడుమిల్లి. 2021లో వచ్చిన 'పుష్ప'లో కథ శేషాచలం ఎర్రచందనానిది గాని, మీరు చూసిన అడవి చాలా భాగం ఈ మారేడుమిల్లిదే.

కుర్రాడికి రోడ్డు అక్కర్లేదు. "పాల్వంచ దాటినంక కిన్నెరసాని అడివిల బండ్ల బాట కనబడ్తది అన్నా. నా ఫ్రెండ్సు పోయొచ్చిన్రు. వీడియో తీస్తే ఎట్లుంటదో తెలుసా!"

ఎట్లుంటుందో నాకూ తెలుసు. నాలుగు నిమిషాల వీడియో, వెనకాల హీరో ఎంట్రీ సంగీతం. కాని కిన్నెరసాని 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులోకి వెళ్ళటమే నేరం. బండి బాట వున్నంత మాత్రాన అది మనకోసం వేసినట్టు కాదు. ఫారెస్టువాళ్ళు కాపలా తిరగటానికి, మంటలు ఆర్పటానికి వేసుకున్న బాటలుంటాయి. వానాకాలం వాటిమీద ఏడు బండ్లు లో గేరులో దున్నుకుంటూ పోతే, ఆ గాళ్ళలోంచే నీళ్ళు పారి బాట వాగవుతుంది.

"ఫోర్ వీల్ వుండంగ గూడ ఎనక్కి తిరగాలంటే ఇగ ఎందుకు కొన్నట్టు మేస్త్రీ?" అన్నాడు కుర్రాడు. అడగవలసిన ప్రశ్నే. ముప్ఫై ఏళ్ళ క్రితం ఐతే నేనూ అడిగేవాణ్ణి.

మేస్త్రీ వెంటనే జవాబు చెప్పలేదు. టీ గ్లాసు కింద పెట్టి, పాలేరు వైపు చూస్తూ 2024 సెప్టెంబరు 1 సంగతి ఎత్తారు.

ఆ తెల్లవారి ఖమ్మంలో మున్నేరు, ఇటు పాలేరు పొంగాయి. కుసుమంచి మండలంలోనే నాయకన్‌గూడెం దగ్గర వరదలో చిక్కుకున్న ఒక కుటుంబంలో భార్యాభర్తలు కొట్టుకుపోయారు. మేస్త్రీకి పొద్దున్నించీ ఫోన్లు. "మీకు జీపులున్నయి గదా, పట్టుకురండ్రి!" నాలుగు బండ్లు బయల్దేరాయి. నీళ్ళ అంచు దాకా వెళ్ళి ఆగిపోయాయి.

కొత్త థారు నీళ్ళలో దిగగల లోతు, కంపెనీ లెక్కలో 650 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులు దాటి ఓ రెండంగుళాలు. పారే వరదకు ఆ లెక్క పనికిరాదు. రెండడుగుల ప్రవాహం చాలు, పెద్ద బండినైనా తేల్చి పక్కకు నెట్టేస్తుంది. తేలిన చక్రానికి ఫోర్ వీల్ ఏం చేస్తుంది? పట్టటానికి నేల వుండాలిగా! పైగా నీళ్ళ కింద రోడ్డు వుందో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

"నలుగురం నిలబడి చూసినం సార్. ఒకడు దిగుతనన్నడు. నేను తాళం గుంజుకున్న. ఆడు నన్ను తిట్టిండు. ఇప్పటికీ సరిగ మాట్లాడడు" అన్నారు మేస్త్రీ. ఆ ఒకడు ఎవరో ఆయన చెప్పలేదు. బ్యాంకు ఉద్యోగి లేచి తన బండి దగ్గరకు వెళ్ళి అద్దం తుడవటం మొదలుపెట్టాడు.

అదేరోజు ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోతే, ఒక జేసీబీ డ్రైవరు నీళ్ళలోంచి వెళ్ళి అందర్నీ తెచ్చాడు. ఆ వీడియో మీరంతా చూసే వుంటారు. ఆ ధైర్యానికి దణ్ణం పెట్టాల్సిందే. ఐతే ఆ యంత్రం ఏడు టన్నుల పైమాట, మన జీపుకు నాలుగింతలు. అంత బరువుండి కూడా అది ప్రాణాలకు తెగించిన పనే. అది చూసి మన బండి తాళం తీస్తే, కాపాడవలసినవాళ్ళ లెక్క ఒకటి పెరుగుతుంది.

నీళ్ళు తీశాక మాత్రం ఈ బండ్లకు పని దొరికింది. అడుగులోతు ఒండ్రు పేరుకున్న వీధుల్లోకి ఆటోలు, వ్యాన్లు రాలేని రోజుల్లో మంచినీళ్ళ క్యాన్లు, బియ్యం, దుప్పట్లు చేరవేశారు. దిగబడ్డ ట్రాక్టరును ఒకదాన్ని మేస్త్రీ జీపు లాగిందట. వీడియో ఎవరూ తియ్యలేదు.

కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఐతే మారేడుమిల్లి ఘాట్ రోడ్డే రాసుకోండి" అన్నాడు. కాస్త కోపంగానే అన్నాడు. పూర్తిగా ఒప్పుకున్నాడని నేననుకోను. ఆ వయసులో ఒప్పుకోవటం కష్టం.

టూరు వివరాలు ఇవి. వానలు వెలిశాక వచ్చే రెండో ఆదివారం, గణపేశ్వరాలయం దగ్గర ఉదయం అయిదు గంటలకు. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కరు, రాత్రి భద్రాచలంలోనే మకాం. దారిలో ఏజెన్సీ గూడేల్లో ఆగితే అడక్కుండా ఫోటోలు తియ్యకూడదు. ప్లాస్టిక్ సీసాలు ఎవరివి వాళ్ళు తిరిగి తెచ్చుకోవాలి. జీపు లేనివాళ్ళు కూడా రావచ్చు, లాగటానికి చేతులెప్పుడూ తక్కువే. మేస్త్రీ జీపు వరసలో అన్నిటికంటే వెనక వస్తుంది. నేను దాన్లోనే ఎక్కుతున్నాను.

వచ్చేవాళ్ళు బూట్లు వేసుకు రండి. నా ఎడమకాలి చెప్పు ఇంకా ఆ రైతుగారి చేలోనే వుంది. దుక్కి దున్నేటప్పుడు దొరికితే దాచిపెడతానన్నాడాయన.