ఓట్స్ ఇంటాయన మందు కాదు

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ పెరిగిందని తెలియగానే చాలా ఇళ్ళల్లో ఒక చిన్న గిన్నె విడిగా పొయ్యెక్కుతుంది. అందులో ఓట్స్. అవి ఇంటాయనకి. పిల్లలకి ఇడ్లీ, అత్తగారికి ఉప్మా, ఇవన్నీ వండినావిడకి రాత్రి మిగిలిన అన్నం! ఓట్స్ మీద కాదండీ నా గొడవ. వాటిని ఒక్కరి మందుగా మార్చేయడం మీద.

అసలు ఓట్స్‌లో ఏముంది? నీళ్ళలో కరిగే పీచు ఉంది. దాని పేరు బీటా గ్లూకాన్. ఓట్స్ ఉడుకుతుంటే జిగురుగా చిక్కబడతాయి కదా, అందులో దీని పాత్ర ఉంది. కడుపులోకి వెళ్ళాక కూడా అలాగే జిగురుగా మారి, కొవ్వు అరగడానికి కాలేయం పంపిన పైత్యరసంలో కొంత భాగాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పోయినదాన్ని మళ్ళీ తయారుచెయ్యడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని వాడుకుంటుంది. అంతే. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

మాయ లేదు కాబట్టే లెక్క ఉంది. కొవ్వు తగ్గించిన భోజనంతో పాటు రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ఓట్స్ పాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతి ఇచ్చింది. ఆ 3 గ్రాములు రావాలంటే సుమారు 75 గ్రాముల పొడి ఓట్స్ కావాలి. దాదాపు ఒక కప్పు. అదీ రోజూ! అలా తింటే చెడ్డ కొలెస్ట్రాల్ 5 నుంచి 7 శాతం దాకా తగ్గొచ్చు. మంచిదే, కానీ డాక్టరు ఇచ్చిన మాత్ర మానేసేంత కాదు. "పొద్దున్న ఓట్స్ తిన్నాగా" అంటూ సాయంత్రం నాలుగు మిరపకాయ బజ్జీలు లాగించేంత అసలే కాదు.

ఇక మసాలా ఓట్స్. ఒకరికి సరిపోయే చిన్న పాకెట్‌లో ఓట్స్ ఎన్ని గ్రాములో, ఉప్పు ఎంతో ఒకసారి చదవండి. ఓట్స్ బిస్కెట్ల సంగతీ అంతే. వేసిన పదార్థాల్ని ఎక్కువ బరువున్న దానితో మొదలుపెట్టి వరసగా రాయాలన్నది నియమం. మొదట మైదా, ఆ వెనకే పంచదార, ఎక్కడో చివర ఓట్స్ కనిపిస్తే మీరు కొన్నది బిస్కెట్టే.

"గుర్రాల దాణా మనకెందుకమ్మా" అనే పెద్దవాళ్ళూ ఉంటారు. ఉలవలు కూడా గుర్రాల దాణానే కదండీ! ఉలవచారు లొట్టలేసుకుని తాగడం లేదూ? అయినా నీళ్ళలో కరిగే పీచు ఓట్స్ సొత్తేం కాదు. బార్లీలో ఇదే బీటా గ్లూకాన్ ఉంది. మెంతులు, బెండకాయ, అలసందలు, రాజ్మా, ఇసబ్‌గోల్, వీటన్నిట్లోనూ కరిగే పీచు ఏదో ఒక రూపంలో ఉంది. ఓట్స్ పడని ఇంట్లో బార్లీ జావ, అలసందల కూర చేసుకోవచ్చు. అయితే ఏదైనా కొద్దికొద్దిగా పెంచాలి, నీళ్ళు బాగా తాగాలి. ఒక్కసారిగా మొదలుపెడితే కడుపుబ్బరమే మిగులుతుంది.

ఇప్పుడు అసలు మాట. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలో చెడ్డ కొలెస్ట్రాల్ పెరగడం మామూలే. గుండెజబ్బు ఆడా మగా చూసి రాదు. మరి ఆయన రిపోర్టు ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించే ఇంట్లో ఆవిడకి అసలు పరీక్షే చేయించకపోతే ఏమనాలి? ఇది ఆహారం గురించిన అజ్ఞానం కాదు. ఇంట్లో ఎవరి ఒంటికి విలువ ఉందో చెప్పే లెక్క.

అందుకే నేను అనేది, విడి గిన్నె తీసెయ్యండి. ఓట్స్ ఉప్మా చేస్తే బీన్స్, క్యారెట్ వేసి అందరికీ చెయ్యండి. ఎవరికైనా విడిగా కావాలంటే, రేకుల ఓట్స్ ఉడకడానికి పది నిమిషాలు చాలు, వాళ్ళే ఉడికించుకుంటారు. మా ఇంట్లో మావారు అలాగే చేసుకుంటున్నారు, ఆయన చేతులేం అరిగిపోలేదు! ఈసారి రక్తపరీక్షకి ఆయనొక్కరినే పంపకండి. మీరూ వెళ్ళండి.